ఆ పాత రిజిస్టర్లు తెరిచి చూపించినవారికి

గత వారం నా పీహెచ్‌డీ వైవా పూర్తయింది. ఉన్నత విద్యలో, ముఖ్యంగా డిగ్రీ చదువు మధ్యలో ఆగిపోయిన విద్యార్థుల మీద ఆరేళ్లు పనిచేశాను. అభినందనలు తెలిపిన అందరికీ నమస్కారాలు. ఆ అభినందనల్లో నాకంటే ఎక్కువ వాటా ఉన్నవారు కొందరున్నారు. వారి గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మొదట తలచుకోవలసింది కళాశాల రికార్డుల విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగినిని. తన పేరు రాయవద్దన్నారు. రెండో ఏడు, కళాశాల అనుమతి పత్రంతో ఆవిడ దగ్గరకు వెళ్లేటప్పటికి నా చేతిలో పట్టిక సిద్ధంగా ఉంది: ఏ సంవత్సరం ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు. ఇక అధ్యాయం రాయడమే తరువాయి అనుకున్నాను. ఆవిడ పట్టికను పైనుంచి కింది దాకా చూసి, "ఈ మానేసినవాళ్లంతా ఒకటి కాదమ్మా" అంటూ పాత రిజిస్టరు బల్ల మీద పెట్టారు.

ఒక పేరు మీద ఎర్ర సిరా గీత, పక్కన పెన్సిల్‌తో టీసీ ఇచ్చిన తేదీ. ఆ అబ్బాయి చదువు ఆపలేదు, వేరే కళాశాలకు మారాడు. మరో పేరు రెండేళ్ల తరువాత కొత్త నంబరుతో మళ్లీ కనిపించింది. కాన్పు తరువాత తిరిగి చేరిన అమ్మాయి. ఇంకో పేరు పక్కన ఏమీ రాసి లేదు. "ఈ బాబు చనిపోయాడు" అన్నారావిడ, వేలు ఆ పేరు మీదే ఉంచి. కంప్యూటర్‌లో ముగ్గురికీ ఒకటే మాట: డిస్‌కంటిన్యూడ్.

పరీక్ష తప్పి వెళ్లినవారిని, తమంతట తాము వెళ్లినవారిని ఒకే గాటన కట్టకూడదని అమెరికా విద్యా పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లోనే రాశారు. వేరే చోటికి మారినవారిని, కొన్నాళ్లు ఆగి తిరిగి వచ్చేవారిని శాశ్వతంగా ఆపేసినవారితో కలపకూడదన్నదీ ఆయన మాటే. ఆ వ్యాసం నేను చదివాను, నోట్సూ రాసుకున్నాను. అయినా నా లెక్కలో తప్పు నాకు కనిపించలేదు. ఆవిడకు కనిపించింది.

తరువాతి నాలుగు నెలలు వారానికి రెండు సాయంత్రాలు, ఆఫీసు వేళలు అయిపోయాక, ఆవిడ నా పక్కన కూర్చుని పేరు పేరునా సరిచూశారు. ఒక్క గడిలో ఉన్నవాళ్లు ఐదు గడుల్లోకి వెళ్లారు. నా మూడో అధ్యాయం పూర్తిగా ఆ సాయంత్రాల ఫలం.

మా గైడ్ గారికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. మొదటి చిత్తుప్రతిలో నా ప్రశ్న, 'వీళ్లు ఎందుకు నిలదొక్కుకోలేకపోయారు?' అని ఉండేది. ఆయన అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్టిన్ ట్రో 1973లో చేసిన విభజనను మళ్లీ చదవమన్నారు. కళాశాలలో చేరే వయసు వారిలో 15 శాతం లోపు చేరితే ఉన్నత విద్య కొద్దిమందిది, 50 శాతం దాకా ఎక్కువమందిది, అది దాటితే సార్వత్రికం. "శాతం పెరిగిందంటే గదిలోకి కొత్తవాళ్లు వచ్చారని అర్థం. గది ఏమైనా మారిందా? అది అడగమ్మా" అన్నారు. ప్రశ్న మారింది. దానితో ఏడాది పని మళ్లీ మొదలైంది. ఆ ఏడాది నాకు ఇప్పుడు బరువనిపించదు.

రికార్డింగులు విని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టిన చెల్లెలికి, నా వేళకాని వేళలు భరించిన ఇంటివారికి కృతజ్ఞతలు.

చివరగా, నాతో మాట్లాడిన 31 మంది. చదువు ఆగిపోవడం గురించి ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పడం తేలిక కాదు. ఒకరు షిఫ్టు ముగించుకుని బస్సులో వెళ్తూ, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని నలభై నిమిషాలు మాట్లాడారు. "నేను రావడం మానేశాక కళాశాల నుంచి ఒక్క ఫోను కూడా రాలేదండీ. అడిగింది మీరే మొదలు" అన్నారు. నా ఐదో అధ్యాయం ఆ మాటతోనే మొదలవుతుంది.

మీ మాటలున్న పేజీలు మీకు చదివి వినిపిస్తానని అందరికీ మాటిచ్చాను. 28 మందికి వినిపించాను. మిగిలిన ముగ్గురి నంబర్లు మారినట్టున్నాయి. ఇది మీ కంటపడితే ఒక్కసారి ఫోను చేయండి. నా నంబరు పాతదే.