హెడ్‌సెట్లు కొనే ముందు ఒక్క మాట

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను సర్జరీ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. వైద్య విద్య గురించి ఏ మీటింగ్ పెట్టినా ఇప్పుడు వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలో సాధన చేయించే పద్ధతి, మాటే. దానికి నేనేమీ వ్యతిరేకిని కాను. అది పనికొస్తుందని 2002లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. 16 మంది సర్జరీ పీజీల్లో సగం మందికి ముందు వీఆర్ సిమ్యులేటర్ మీద సాధన చేయించి, తర్వాత అందరికీ ల్యాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్‌లో, గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) విడదీసే పని అప్పగించారు. సాధన చేసినవాళ్లు ఆ పని 29 శాతం వేగంగా ముగించారు. చేయనివాళ్లు గాల్‌బ్లాడర్‌ను గాయపరచడమో, పక్కనున్న కణజాలాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ.

అయితే అక్కడ వాడింది కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్ కాదండీ. మామూలు కంప్యూటర్ తెర, దాని ముందు ల్యాప్రోస్కోపీ పరికరాలు రెండు. అంతే. ఎందుకంటే కష్టమంతా చేతుల్లోనే ఉంది. చేయి కుడికి కదిపితే లోపల పరికరం కొస ఎడమకు పోతుంది. తెర మీద లోతు తెలియదు. కొత్త పీజీ సూదిని పట్టుకున్నాననుకుని గాలిని పట్టుకుంటాడు. ఆ తడబాటేదో రోగి పొట్ట బయటే తీరిపోవాలి. పైగా యేల్‌లో నిపుణుల స్థాయి స్కోరు వచ్చేదాకా సాధన ఆపనివ్వలేదు. అసలు కీలకం అదే.

హెడ్‌సెట్ పెట్టుకుంటే అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ కోపెన్‌హాగెన్ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సైన్స్ ల్యాబ్ పాఠం హెడ్‌సెట్‌లో చేసిన విద్యార్థులు కంప్యూటర్ తెర మీద చేసినప్పటికంటే తక్కువ నేర్చుకున్నారు. నాకు తెలిసిన ఒక కాలేజీలో రిబ్బన్ కటింగ్ రోజున అందరూ హెడ్‌సెట్లతో ఫొటోలు దిగారు. తర్వాత అవి బీరువాలోకి వెళ్లాయి. తాళంచెవి స్టోర్‌లో, స్టోర్ ఆయన సెలవులో. పిల్లలు అడగడం మానేశారు.

రోగుల మీద చేసే ముందు బొమ్మల మీద సాధన చేసే స్కిల్ ల్యాబ్ ఉండాలని, వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ ఎలాగూ చెప్పింది. ఐవీ లైన్ పెట్టడానికి, కాన్పు చేయించడానికి రబ్బరు బొమ్మలు చాలు. హెడ్‌సెట్ కావాలంటే, బస్సు బోల్తా పడి ఒకేసారి పాతిక మంది క్యాజువాలిటీకి వస్తే ముందు ఎవరిని చూడాలో నేర్పడానికి వాడండి. అలాంటిది రోజూ చూపించలేం కదా.

టెండర్ పిలిచేటప్పుడే మరమ్మతుల ఒప్పందం, కాలేజీకో టెక్నీషియన్ పోస్టు, టైంటేబుల్‌లో సాధన గంటలు తేల్చేయండి. ల్యాప్రోస్కోపీ సిమ్యులేటర్‌లో వచ్చిన స్కోరు పీజీ లాగ్‌బుక్‌లో ఎక్కాలి. ఆ స్కోరు లేనివాళ్లకు ఆపరేషన్ థియేటర్‌లో పరికరం చేతికివ్వకూడదని ఉత్తర్వు ఇవ్వండి. మా ప్రొఫెసర్లమే ముందు గొణుగుతాం. అయినా ఇవ్వండి.

ఇట్లు,
ఒక సర్జరీ అధ్యాపకురాలు