పాచి తినే చేపకూ ఆకలి వేస్తుంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో అక్వేరియం పెట్టుకునేవారి కోసం ఇచ్చిన సూచనలు చదివాను. ఫిల్టరు గురించి, నీళ్లు మార్చడం గురించి రాసినవి బాగున్నాయి. కానీ అద్దాలకు పాచి పడితే పాచి తినే చేపను ఒకదాన్ని వేస్తే సరిపోతుందనీ, తొట్టి దానంతట అదే శుభ్రపడుతుందనీ చివర్లో రాసిన మాట చూసి ఊరుకోలేకపోయాను. పదకొండేళ్ల కిందట ఇదే మాట నమ్మి నేను నాలుగు చేపలను చేజేతులా చంపుకున్నాను.

అవి ఓటోలు. పూర్తి పేరు ఓటోసింక్లస్. దక్షిణ అమెరికా నదుల చేప, ఎంత పెరిగినా 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ. నాది 60 లీటర్ల తొట్టి. పెట్టి నెల కూడా కాకముందే అద్దాల మీద, మొక్కల ఆకుల మీద గోధుమరంగు పొర పరచుకుంది. వేలితో రాస్తే మెత్తటి ఒండ్రులా ఊడివచ్చేది. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన పాచి పొర అనీ, కొత్త తొట్లలో మామూలేననీ, చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుందనీ నాకప్పుడు తెలియదు. చేపలమ్మే దుకాణంలో అడిగితే ఓటోలను చూపించారు, తెచ్చి వదిలాను.

వారం తిరిగేసరికి ఆకులు వానకు కడిగినట్టు మెరిశాయి. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరినీ పిలిచి చూపించాను. ఓటో పని చేస్తుంటే చూడడం నిజంగా ముచ్చటగా ఉంటుంది. పెసరగింజంత నోరు అద్దానికి అతుక్కుంటుంది. పెదవులు ఆగకుండా కదులుతూ గీకుతుంటే చేప అంగుళం అంగుళంగా పైకి జరుగుతుంది, దాని వెనక సన్నటి తేటదారి ఏర్పడుతుంది. నేను ఆ దారినే చూశాను. చూడవలసింది పొట్టను.

మూడో వారంలో ఒకటి ఫిల్టరు గొట్టం పక్కన పడి ఉంది. నాలుగు రోజులకు ఇంకొకటి. నీళ్లు పరీక్షించాను, చేపలకు విషమయ్యే అమోనియా లేదు, నైట్రైట్ లేదు. మూడోది పోయాక దాన్ని అరచేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే కడుపు లోపలికి గుంట పడి ఉంది. తొట్టిలో పాచి అయిపోయింది, అంతే. పైన తేలే రేకుల మేత మిగతా చేపల కోసం వేస్తూనే ఉన్నాను, అది తమ తిండి అని ఓటోలు గుర్తించలేదు. అమ్మకానికి వచ్చే ఓటోల్లో చాలావరకు నదుల్లో పట్టి తెచ్చినవే. ప్రయాణంలో పస్తులుండి, నీరసించే మన చేతికి వస్తాయి. అలాంటి వాటిని తెచ్చి తళతళలాడే తొట్టిలో ఉంచడమంటే ఖాళీ గిన్నె ముందు కూర్చోబెట్టడమే. చెప్పిన పనంతా చేసినందుకు వాటికి దక్కింది ఆకలి చావు. నాలుగోది వెళ్లిపోయిన రోజు ఇప్పటికీ నాకు గుర్తుంది.

అందుకే ‘పాచి తినే చేప’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఆ పేరుతో పిలిచే చేపలకు ఒకదానితో మరొకదానికి పోలికే ఉండదు. సక్కర్ అంటూ ఎక్కువగా అమ్మే ప్లెకోనే తీసుకోండి. అమ్మేటప్పుడు వేలంత ఉంటుంది. పెరిగితే 30 సెంటీమీటర్లు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. నాకు తెలిసిన ఒకరి ఇంట్లో రెండడుగుల తొట్టిలో అలాంటిదే ఉండేది. వెనక్కి తిరగాలంటే తోక అద్దానికి తగిలేది, అందుకని రోజంతా ఒకే వైపు ముఖం పెట్టి పడుకునేది. అంత పెద్ద చేప విసర్జించేది కూడా ఎక్కువే. ఆ మలినమే మళ్లీ పాచికి ఎరువవుతుంది. ఇక భరించలేక చెరువులోనో కాలువలోనో వదిలేసేవారున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. ఒంటినిండా ఎముక పలకలున్న ఈ చేపలు ఇలాగే ఆసియాలోనూ ఉత్తర అమెరికాలోనూ ఎన్నో జలాశయాల్లో పాతుకుపోయాయి. గట్లలో బొరియలు తవ్వుతాయి, జాలర్ల వలలు చింపుతాయి.

చైనీస్ ఆల్గీ ఈటర్ అని అమ్మేది ఇంకో రకం. పేరులో చైనా ఉన్నా అది ఎక్కువగా ఆగ్నేయాసియా నదుల్లో ఉండే చేప. దాని శరీర నిర్మాణం అద్భుతం. మొప్ప పైభాగంలో అదనంగా ఒక రంధ్రం ఉంటుంది, నోటితో బండను కరుచుకుని ఉండగానే దాని గుండా నీళ్లు లోపలికి తీసుకుంటుంది. చిన్నప్పుడు పాచి బాగానే తింటుంది. పెద్దదయ్యేకొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గి, తోటి చేపల మీదికి పోతుంది. మా సహోద్యోగి తొట్టిలో ఏంజెల్ చేప ఒంటి మీద ఒక పక్క గుండ్రటి పాలిపోయిన మచ్చ కనిపిస్తే జబ్బనుకుని మందులు వేశారు. ఒక రాత్రి లైటు వేసి చూస్తే ఈ చేప దాని ఒంటికి అతుక్కుని ఉంది, పైనున్న జిగురు పొరను గీకి తింటోంది.

సియామీస్ ఆల్గీ ఈటర్ మరొకటి. నల్లటి కుచ్చుల్లా పెరిగే మొండి పాచిని తినే కొద్ది చేపల్లో ఇదొకటి. ఒంటి మీది నల్లగీత తోక చివరిదాకా సాగి ఉంటేనే అది అసలైనది. అయినా 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి చిన్న తొట్టికి పనికిరాదు. ప్లెకో జాతిలోనే పొట్టిదైన బ్రిసిల్‌నోజ్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. దానికి గీకడానికి ఒక చెక్కముక్క, రోజూ ఆకుకూరో కూరగాయో ఉండాలి.

ఇంకో సంగతి. నీళ్లే పచ్చగా మారితే ఈ చేపల్లో ఏదీ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ పాచి నీటిలో తేలుతూ ఉంటుంది. నీలిపచ్చ రంగులో, దుర్వాసనతో, పొరలుగా లేచివచ్చే జిగురును కూడా ఇవి ముట్టవు. అది అసలు పాచే కాదు, ఒక రకం బాక్టీరియా. పాచి అతిగా పెరుగుతోందంటే తొట్టిలో వెలుతురో మేతో ఎక్కువైందని అర్థం. నేను తొట్టిని కిటికీ దగ్గర నుంచి తీసేశాను. లైటు రోజుకు 7 గంటలే వెలిగేలా టైమరు పెట్టాను. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేస్తాను, వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మారుస్తాను. ముందు అద్దాన్ని నేనే స్పాంజితో తుడుస్తాను. వెనక అద్దాన్ని మాత్రం ముట్టుకోను, అక్కడి పచ్చటి పొర ఓటోలది.

అవును, మళ్లీ ఓటోలను తెచ్చాను. ఈసారి తొట్టి ఎనిమిది నెలలు నడిచాక, ఆరింటిని కలిపి తెచ్చాను. అవి గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. కీరదోస ముక్కను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చల్లార్చి, స్టీలు చెంచాకు గుచ్చి సాయంత్రం అడుగున పెట్టేదాన్ని. తొమ్మిది రోజులు ఒక్కటీ దాని దగ్గరికి రాలేదు, ప్రతి ఉదయం తీసి పారేశాను. పదో రోజు ఒకటి వచ్చి అంచును రుచి చూసింది. మర్నాటికి ఆరూ ముక్క చుట్టూ చేరాయి.

మీ పత్రికను నమ్మి చేసేవారు ఎందరో ఉంటారు. దయచేసి ఆ సూచనను సవరించి ప్రచురించండి. అమ్మేవారు కూడా ప్రతి తొట్టి మీద చేప అసలు పేరు, పెరిగాక ఉండే పొడవు రాసిపెడితే కొనేవారు ముందే ఆలోచించుకుంటారు. ఆదివారం చదివి ఇప్పటికే ఓటోలను తెచ్చుకున్నవారు ఈ రాత్రే అద్దం దగ్గర కూర్చుని వాటి పొట్టలు చూడండి. గుండ్రంగా ఉంటే పరవాలేదు. లోపలికి పోయి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఒక కీరదోస ముక్క ఉడికించి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు