నిమిషానికి 124 దెబ్బలు

చిరంజీవి చిన్నమ్మాయికి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

ఉద్యోగం మానేసి పూర్తిగా క్లబ్బుల్లో నాట్యానికి పెట్టే హౌస్ సంగీతంలోకే వెళ్తానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు, "ఎవరో పాడిన పాటలు పెట్టేవాళ్లకు జీతం ఎవరిస్తారు?" అన్నాను. నువ్వు మారు మాట్లాడకుండా ఫోను పెట్టేశావు. తప్పు నాదే. తెలియని పని గురించి తెలిసినవాడిలా మాట్లాడాను. ఫోను చేస్తే మళ్లీ నోరు జారుతానేమోనని భయం, అందుకే ఉత్తరం. 34 ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ చేరవేశాను గానీ, కన్నబిడ్డకు రాసినది ఒక్కటీ లేదని కలం పట్టాకే గుర్తొచ్చింది.

ఈ మూడు వారాలూ చదువుతూ, వింటూ గడిపాను. మార్షల్ జెఫర్సన్ పేరు నాకెందుకు చెప్పలేదమ్మా? షికాగోలో తపాలా ఉద్యోగి! వాయించడం సరిగ్గా రాకుండానే అప్పు మీద యంత్రాలు కొన్నాడట, స్నేహితులు నవ్వారట. పియానో వేగంగా వాయించే చేయి కాదు కనుక, నెమ్మదిగా వాయించి యంత్రంలోకి ఎక్కించి, ఆపైన వేగం పెంచాడు. 1986లో వచ్చిన 'మూవ్ యువర్ బాడీ' అలా తయారైంది. నాలుగుసార్లు విన్నాను. మా శాఖ మనిషి కాబట్టి కొంచెం పక్షపాతం ఉందనుకో.

నేను కొలువులో చేరిన కొత్తలో ముద్ర చేత్తోనే కొట్టేవాళ్లం. చెక్క పిడి, అడుగున ఇనుము. ఒక దెబ్బ సిరా దిండు మీద, ఒక దెబ్బ బిళ్ల మీద. ఎడమ చేయి ఉత్తరాన్ని పక్కకు లాగేస్తూ ఉండాలి, కుడి చేయి ఆగకూడదు. ఆలోచించావో, తేదీ పక్కకు పడుతుంది. రాత్రి రెండు గంటల వేళ నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని కొడుతుంటే, ఎవరూ చెప్పకుండానే కాసేపటికి నలుగురి దెబ్బా ఒక్కటయ్యేది. అప్పుడు నిద్ర వచ్చేది కాదు, చేయి నొప్పి తెలిసేది కాదు. మొన్న నీ పాట పెట్టుకుని గడియారం ముందు లెక్కపెట్టాను. నిమిషానికి 124. కళ్లు మూసుకుంటే నా కుడి భుజం దానంతటదే కదిలింది. మీ అమ్మ చూసి నవ్వింది.

పోయినసారి వచ్చినప్పుడు నువ్వు హెడ్‌ఫోను నా ఎడమ చెవికి పెట్టి, "రెండూ కలిసి నడుస్తున్నాయా, చెప్పు నాన్నా" అన్నావు. చెవిలో రాబోయే పాట, గదిలో మోగుతున్న పాట. మెట్లు దిగే ఇద్దరు మనుషుల అడుగుల్లా తడబడ్డాయి. నువ్వు ఆ గుండ్రటి పళ్లెం అంచును వేలితో అలా తాకావు, అంతే, ఇద్దరూ ఒక్కరయ్యారు. తర్వాత పాత పాటలో బేస్, అంటే ఆ లోతైన గుమ్ముమనే మోత, తగ్గిస్తూ కొత్తదానిలో పెంచావు. రెండు బేస్‌లూ ఒకేసారి ఉంటే అంతా ముద్దయిపోతుందని చెప్పావు. నేను పేపరు చూస్తూ ఊఁ కొట్టాను. ఇప్పుడైతే పేపరు పక్కన పెట్టేవాడిని.

ఫ్రాంకీ నకల్స్ గురించి నీకు నేను చెప్పేదేముంది! అయినా ఒక లెక్క చెబుతాను. న్యూయార్క్ నుంచి షికాగో వచ్చి వేర్‌హౌస్ అనే క్లబ్బులో పాటలు పెట్టడం మొదలుపెట్టింది 1977లో. హౌస్ అన్న మాట ఆ క్లబ్బు పేరు తోకేనని ఎక్కువమంది అంటారు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది నల్లజాతివాళ్లు, స్వలింగ ప్రేమికులు. బయట తలవంచుకుని తిరగాల్సి వచ్చినవాళ్లకు ఆ గదిలో తెల్లవార్లూ తల ఎత్తే వీలు దొరికింది. 1979లో అదే నగరంలో ఒక బేస్‌బాల్ మైదానం నడిమధ్య పెట్టెడు డిస్కో రికార్డులను పేల్చి వేడుక చేసుకున్నారు. ఫ్రాంకీ మాత్రం ఆ డిస్కో పాటల టేపునే కోసి, అతికించి, నాట్యానికి సరిపడా పొడిగించాడు. తర్వాత డ్రమ్ మెషీన్ తోడు తెచ్చుకున్నాడు. ఇలా ఉన్న పాటను కొత్తగా మలిచేవారికంటూ, అదే రీమిక్స్ చేసేవారికంటూ, గ్రామీ వాళ్లు బహుమతి పెట్టి మొదటిసారి ఇచ్చింది 1998లో, అతనికే. 1977 నుంచి లెక్కవేస్తే 21 ఏళ్లు. గుమాస్తాగా చేరిన నేను పెద్ద కుర్చీలో కూర్చోవడానికీ ఇంచుమించు అంతే పట్టింది కాబట్టి నిన్ను తొందరపెట్టను.

కానీ జెఫర్సన్ యంత్రాలు కొన్ననాడు తపాలా ఉద్యోగం వదల్లేదమ్మా. నెల నెలా జీతం వచ్చేవాడికే ఎవరైనా అప్పిస్తారు. రాజీనామా ఇచ్చావో లేదో నువ్వు చెప్పలేదు, నేను అడగను. ఇంకా ఇవ్వకపోయి ఉంటే ఆరు నెలల అద్దె చేతిలో పడేదాకా ఆగు. మీ పనిలో డబ్బు ఎక్కువగా వచ్చేది రాత్రికింత అని క్లబ్బు ఇచ్చే దానిలోంచేననీ, సొంత పాట వల్ల ముందు పేరు, తర్వాత పిలుపులు వస్తాయనీ అర్థమైంది. పిలుపు రాని నెలలు ఉంటాయి.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం పాట ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితం. షికాగో హౌస్ సంగీతకారులు లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 1980లలో చేసిన పాటల హక్కుల కోసం 2020లో కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. హక్కులు తిరిగి చేతికి వచ్చింది 2022లో. ప్రపంచమంతా ఆ పాటలకు ఆడుతున్న ముప్పై ఏళ్లకు పైగా కాలం అలా గడిచింది. కుర్రతనంలో, పాట బయటికి వస్తే చాలన్న ఆత్రంలో చేసే సంతకాలు ఇలాగే ఉంటాయి. పాట కట్టిన హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. రెండింటిలో ఏది ఇస్తున్నావు, ఎన్నేళ్లకు ఇస్తున్నావు, లెక్క ఎప్పుడెప్పుడు చూపిస్తారు అన్నవి రాసి ఉన్నాయేమో చూడు. కొన్నేళ్లకు అని లేకుండా శాశ్వతంగా అని ఉంటే సంతకం పెట్టకు. ముందు నాకు పంపు. ఇంగ్లీషు ఎంత మెలికలు తిరిగినా చదువుతాను, ఆ పని నాకు బాగా వచ్చు.

ఎడమ చెవికి హెడ్‌ఫోను పెట్టమన్నది ఎందుకో చెప్పలేదు కదూ? ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు వచ్చాక వాటి పక్కనే ఏళ్ల తరబడి నిలబడ్డాను. నా కుడి చెవిలో రాత్రిళ్లు కీచురాయి అరుస్తుంది. మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చట. మోత ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. నువ్వు నాలుగేసి గంటలు నిలబడతావు. చెవి అచ్చు తీసి, దానికి తగినట్టు చేసే రక్షణ బిళ్లలు దొరుకుతాయి. స్వరం మారకుండా మోత మాత్రం తగ్గిస్తాయట. కొత్త స్పీకర్ల కంటే ముందు అవి కొను. డబ్బు నేను పంపుతాను, వద్దనకు.

నీ కొత్త పాట రోజూ సాయంత్రం పెడుతున్నాం. నాలుగో నిమిషం దగ్గర డ్రమ్ము మొత్తం ఆపేసి ఒక్క గొంతునే ఉంచావే, అక్కడ మొదటిసారి మీ అమ్మ వంటింట్లోంచి "కరెంటు పోయిందా?" అని కేకేసింది. డ్రమ్ము తిరిగి వచ్చేసరికి గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు ఆ చోటు వస్తోందంటే ముందే వచ్చి నిలబడుతోంది.

ఇట్లు,
మీ నాన్న