కోట పొద్దున, తోట సాయంత్రం, మధ్యాహ్నం బస్సులో

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే జిల్లా పేజీల్లో బస్సు యాత్రల ప్రకటనలు వరసకడతాయి. హైదరాబాద్‌లో ఎక్కి పెనుకొండ, లేపాక్షి, బెంగళూరు, శ్రీరంగపట్నం, మైసూరు, చిత్రదుర్గం, హంపి చుట్టి వచ్చే యాత్రను పెన్షనర్ల సంఘాలు, కాలనీ సంఘాలు ఎక్కువగా అడుగుతుంటాయి. కోటలూ తోటలూ ఇంత దగ్గర దగ్గరగా కలిసివచ్చే దారి దక్షిణాదిలో అరుదు. అయినా వెళ్లొచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుండేది మోకాళ్ల నొప్పి, ఎండ, నిద్రలేమి. దీనికి కారణం ఒక్కటే. నిర్వాహకులు కిలోమీటర్లు లెక్కేస్తారు, వేళ లెక్కేయరు. లాడ్జి అద్దె మిగుల్తుందని రాత్రంతా బస్సు నడిపి, పగలు పదకొండు దాటాక జనాన్ని బండల మీదికి దింపుతారు. ఈ యాత్రను ఎలా పేర్చుకోవాలో పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ.

ముందు రాత్రి ప్రయాణం సంగతి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర, 2025 అక్టోబరులో కర్నూలు శివార్లలో బస్సులు తగలబడిందీ ఈ హైదరాబాద్–బెంగళూరు రహదారి మీదే. రెండూ తెల్లవారకముందు జరిగాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పనిమీద వెళ్లేవాళ్లకు రాత్రి బస్సు తప్పదేమో గానీ విహారయాత్రకు ఆ అవసరం లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మాత్రమే పని చెప్పమంది. ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం ఇవ్వమంది. పగలంతా బస్సులోనే కునికి, రాత్రి మళ్లీ స్టీరింగ్ పట్టుకున్న మనిషికి అది విశ్రాంతి కింద లెక్క కాదు. అందుకని బేరం మాట్లాడేటప్పుడే డ్రైవర్లకు ప్రతి రాత్రీ గది ఉందా అని అడగండి. ఆ అద్దె టిక్కెట్టు ధరలో కలిపి ఉండాలి. స్లీపర్ వద్దని చెప్పి, రెండు వైపులా రెండేసి పుష్‌బ్యాక్ సీట్లున్న బస్సు తీసుకోండి. అత్యవసర ద్వారం తెరిచి చూపించమనండి, దానికి అడ్డంగా సామాను పెట్టనివ్వకండి. అద్దాలు పగలగొట్టే సుత్తులు, మంటలార్పే సిలిండర్ల మీద తేదీ చూడండి. నలభై అయిదు సీట్లుంటే నలభై మందినే ఎక్కించుకోవడం మేలు. ఒంట్లో బాగోలేనివాళ్లు కాళ్లు చాపుకోవడానికి ఆ ఖాళీ సీట్లు అక్కరకొస్తాయి.

రోజుకు ఎన్ని చోట్లు చూడొచ్చో తేల్చేది దూరం ఒక్కటే కాదు, బస్సు తలుపు కూడా. ఒకే తలుపులోంచి నలభై మంది దిగడానికి పది నిమిషాలు, ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్లయితే ఇంకాస్త ఎక్కువే. హోటల్లో మూడు మరుగుదొడ్లుంటే, మనిషికి మూడు నిమిషాల చొప్పున అందరి వంతూ అయ్యేసరికి నలభై నిమిషాలు. అంటే టీ కోసం పది నిమిషాలు ఆపుతామన్న మాట ఎన్నడూ నిలబడదు. రోజుకు ఎనిమిది ప్రదేశాలని అచ్చువేస్తే ఎక్కడం దిగడంలోనే రెండున్నర గంటలకు పైగా పోతుంది. చివరి రెండు ప్రదేశాలు గేటు బయటి నుంచే చూపించేది అందుకే. రోజుకు రెండు ముఖ్యమైన చోట్లు, దారిలో ఒక చిన్న ఆగుడు, అంతకు మించి ఒప్పుకోవద్దు.

ఏ రోజు బయల్దేరాలన్నది అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. మా సలహా గురువారం. మైసూరు ప్యాలెస్‌కు దీపాలు వెలిగించేది ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి ఏడు నుంచి. దసరా రోజుల్లో రోజూ వెలిగిస్తారు గానీ అప్పుడు గదులు దొరకవు, దొరికినా అద్దె మోయలేం. హంపి దగ్గరి కమలాపురం మ్యూజియానికి శుక్రవారం సెలవు. మైసూరు జూకు మంగళవారం సెలవు. గురువారం బయల్దేరితే శుక్రవారం లేపాక్షి, లాల్‌బాగ్‌లలో ఉంటాం, ఆదివారం మైసూరులో, మంగళవారం హంపిలో. ఏ తలుపూ మూసి ఉండదు.

గురువారం పొద్దున ఆరింటికి బయల్దేరితే పదిన్నరకు కర్నూలు. అచ్యుతదేవరాయల కాలం నాటి కొండారెడ్డి బురుజు ఊరి నడిమధ్యే ఉంది, అరగంట చాలు. అక్కణ్నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు బస్సులోనే, అనంతపురంలో భోజనం. నాలుగింటికి పెనుకొండ చేరాలి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి ఇక్కడికే వచ్చింది, కాబట్టి హంపి చూడబోయేవాళ్లు ఈ ఊరు ముందు చూడాలి. కొండమీది కోటకు పెద్దవాళ్లను ఎక్కించే ప్రయత్నం చేయొద్దు. గగన్ మహల్ కిందే ఉంది, సాయంత్రం వెలుగులో బాగుంటుంది. తాగునీరు బస్సులోంచే తీసుకెళ్లాలి. రాత్రి బస హిందూపురంలో పెట్టుకుంటే మర్నాడు లేపాక్షి పదిహేను కిలోమీటర్లే. ఎనిమిదింటికల్లా గుళ్లో ఉంటే చెప్పుల్లేని కాళ్లకు రాయి చల్లగా ఉంటుంది, పైకప్పు చిత్రాలు తీరిగ్గా చూడొచ్చు. పదిన్నరకు బయల్దేరకపోతే బెంగళూరు రద్దీలో మధ్యాహ్నం మొత్తం కరిగిపోతుంది.

లాల్‌బాగ్‌కు నాలుగింటికి వెళ్లండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట ఇప్పుడు 240 ఎకరాలు, మూడు గంటలు కూడా తక్కువే. అద్దాల మేడ 1889 నాటిది. తోటలో కెంపేగౌడ గోపురం ఉన్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మోకాళ్లు బాగున్నవాళ్లు దానిమీదికి నెమ్మదిగా నడవొచ్చు, వాన పడితే వద్దు. ఇక్కడ మనుషులు తప్పిపోవడం మామూలు, ఎందుకంటే నాలుగు గేట్లున్నాయి, నాలుగూ నాలుగు దిక్కుల్లో. ఏ గేటు దగ్గర దిగారో ఆ గేటు పేరు చీటీ మీద రాసి ప్రతి ఒక్కరి చేతికీ ఇవ్వాలి. జనవరి, ఆగస్టు పూల ప్రదర్శన రోజుల్లో వచ్చే జనంలో పెద్ద బృందాన్ని కలిపి ఉంచడం చాలా కష్టం. పూలే కావాలనుకుంటే పొద్దున్నే వెళ్లాలి.

శనివారం శ్రీరంగపట్నం. బెంగళూరు నుంచి నూట పాతిక కిలోమీటర్లు. 2023లో ప్రారంభమైన కొత్త రహదారి వల్ల ఆరున్నరకు కదిలినా తొమ్మిదింటికి చేరుకోవచ్చు. 1784లో టిప్పు కట్టించిన దరియా దౌలత్ తోటలోని వేసవి విడిదికి బృందాలు ఇరవై నిమిషాలిస్తాయి. అది చాలా అన్యాయం. 1780లో ఇంగ్లీషువాళ్లతో జరిగిన పొల్లిలూరు యుద్ధ చిత్రం గోడంతా పరుచుకుని ఉంది, ఏనుగులు, ఫిరంగులు, పల్లకీ, వరసలు తీరిన సైన్యం. ఎండలోంచి లోపలికి వచ్చిన కళ్లకు మొదటి రెండు నిమిషాలు అందులో ఏదీ ఆనదు. అందుకే చాలామంది ఏమీ లేదనుకుని వెనక్కి తిరుగుతారు. లోపల నిలబడి కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. గంట కేటాయించండి. ఫ్లాష్ వాడొద్దు, ఆ రంగులు మళ్లీ రావు.

మధ్యాహ్నం మైసూరు గదుల్లో విశ్రాంతి తీసుకుని నాలుగున్నరకు బృందావనం బయల్దేరాలి. ఇరవై కిలోమీటర్లే గానీ శనివారం సాయంత్రం దారి కిక్కిరిసి ఉంటుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టించిన కృష్ణరాజ సాగరం ఆనకట్ట కింద, దివాన్ మీర్జా ఇస్మాయిల్ వేయించిన తోట ఇది. మెట్లు మెట్లుగా దిగే నీటి కాలువలు చీకటి పడకముందు చూస్తేనే దాని అమరిక తెలుస్తుంది. సంగీత ఫౌంటెన్ ఉత్తరం వైపు, వంతెన దాటాక ఉంది. గేటు నుంచి అక్కడికి నడక ఎక్కువ. ప్రదర్శన అయిపోగానే వేలమంది ఒకే వంతెన మీదికి వస్తారు. పెద్దవాళ్లు ముందు వరసలో కాకుండా దారికి దగ్గరగా కూర్చుని, ఐదు నిమిషాల ముందే లేవడం మంచిది. ప్యాలెస్ దీపాలు, ఈ ఫౌంటెన్ రెండూ ఒకే ఆదివారం సాయంత్రం చూపిస్తామనేవాళ్లను నమ్మకండి. వేళలు దాదాపు ఒకటే. ఒకదాన్నుంచి ఇంకోదానికి పరిగెత్తితే రెండిట్లోనూ తోకే మిగులుతుంది.

ప్యాలెస్‌ను ఆదివారం పొద్దున పదింటికి గేటు తీసేసరికి చూడాలి. పాత కొయ్య మేడ 1897లో కాలిపోయాక హెన్రీ ఇర్విన్ నమూనాతో కట్టి, 1912కు పూర్తిచేశారు. చెప్పులు బయట వదలాలి. అందరి చెప్పులూ ఒకే సంచిలో వేసి ఒకే టోకెను తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు అరగంట కలిసొస్తుంది. సాయంత్రం ఆరున్నరకల్లా మళ్లీ ఆవరణలో ఉండాలి.

సోమవారం చిత్రదుర్గం, సుమారు 240 కిలోమీటర్లు. ఏడు చుట్ల కోట ఇది, మైళ్ల కొద్దీ రాతి గోడలు, ఎక్కడా నీడ ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటకు చేరగానే ఎక్కించడం వల్లే అక్కడ జనం సొమ్మసిల్లుతారు. భోంచేసి, గదుల్లో పడుకుని, మూడున్నరకు మొదలుపెట్టండి. గేట్లు మూసేలోగా దిగి రావాలి కాబట్టి ఒనకె ఓబవ్వ కిండి (రాళ్ల మధ్య సన్నని సందు) వరకు ఒక జట్టు, పై గుళ్ల దాకా ఇంకో జట్టు అని ముందే విడదీయాలి. కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు ఉండకూడదు. ఆ రాత్రి అక్కడే ఉండిపోండి.

మంగళవారం పొద్దున ఆరుకు కదిలితే తొమ్మిదింటికి హంపి. మొదట విఠలాలయానికే వెళ్లాలి. బస్సు గుడిదాకా పోదు, దాదాపు కిలోమీటరు బ్యాటరీ బండ్లలో వెళ్లాలి. నలభై మందికి నాలుగు బండ్లయినా కావాలి, పదకొండు దాటితే ఆ వరసలోనే గంట పోతుంది. అక్కడ తీసుకున్న నలభై రూపాయల టిక్కెట్టు అదే రోజు కమల మహల్, ఏనుగుల శాల ఉన్న ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. మర్నాటికి చెల్లదు, చాలా బృందాలు రెండోసారి డబ్బు కట్టేది ఇక్కడే. మిట్టమధ్యాహ్నం మ్యూజియంలో గడపండి. అక్కడున్న హంపి నమూనా చూశాక బయట ఏది ఎక్కడుందో అర్థమవుతుంది. నాలుగు తర్వాత కమల మహల్, చివరికి హేమకూటం కొండ. బుధవారం విరూపాక్షుణ్ని దర్శించుకుని తొమ్మిదింటికి బయల్దేరితే రాత్రి భోజనం వేళకు హైదరాబాద్.

రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక సంస్థలకూ, మీ పత్రికకూ ఒక విన్నపం. యాత్ర ప్రకటనలో ప్రదేశాల పేర్లతోపాటు నాలుగు వివరాలు తప్పనిసరి చేయండి: ఒక్కోచోట ఎంతసేపు ఆగుతారు, ఎన్ని మెట్లు లేదా ఎంత నడక, ప్రవేశ టిక్కెట్టు ధరలో కలిసి ఉందా, ప్రతి రాత్రీ బస ఎక్కడ. గోల్కొండ బాలాహిస్సార్ పైకి మూడు వందల అరవై దాకా మెట్లున్నాయని ముందే తెలిస్తే, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు కిందే రాణీమహల్ దగ్గర సాయంత్రం ప్రదర్శనకు కూర్చుంటారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న ప్రకటనకు డబ్బు కట్టవద్దని పాఠకులను కోరుతున్నాం.

ఇట్లు,
బస్సు యాత్రల మార్గదర్శకుల బృందం,
హైదరాబాద్