ఒరే సూరిగా, నా రక్తం సంగతి విను

సిరిమానుకి వస్తానన్నవాణ్ణి, సంక్రాంతి దాటినా పత్తాలేను. తిట్టుకో. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చెల్లికి బొబ్బిలి సంబంధం తప్పిపోయింది. అవన్నీ తర్వాత.

నవ్వకు మరి! టెన్త్‌లో సూదికి జడిసి నీళ్ళ ట్యాంకెక్కింది నేనేనని నాకూ గుర్తుంది.

మొన్న గుమ్మలక్ష్మీపురం పైన ఒక కొండ ఊళ్ళో హెచ్ఐవీ టెస్టుల క్యాంపు పెట్టాం. (జిల్లా మారింది గానీ నా నోటికింకా విజయనగరమే.) రిజిస్టరు తీశామో లేదో అరుగులన్నీ ఖాళీ! బ్యానరు మీద ఎర్ర రిబ్బను చూసి అన్నల గుర్తనుకున్నారట కొందరు. జాతాపు తెగ తాత ఒకడు మాత్రం కదల్లేదు. "పేర్లు రాస్తన్నారేటి బావూ? ఇవి ఎవులికెల్తాయి?" అన్నాడు. 1967లో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు ఇద్దర్ని కాల్చేసిన నాటికి చిన్న గుంటడట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పోలీసులూ అన్నలూ... జాబితా అంటే వాళ్ళకి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

"ముందు నీది తియ్యి" అన్నాడు. తీయించుకున్నాన్రా! ఇరవై నిమిషాలు కోడిపందెంలా చుట్టూ కూర్చున్నారు. ఒకటే గీత, అంటే నెగటివ్. కిట్టు పైకెత్తి అందరికీ చూపించా. చప్పట్లు! లైను కట్టేశారు.

అక్కడే కొంప మునిగింది. మొదటి కుర్రాడు లేవగానే వెనకనుంచి ఒకటే గోల, "సూపించరా! ఆ బాబు సూపించలేదేటి?" అని. మా కౌన్సిలరక్క కిట్ల మీద తువ్వాలు కప్పేసి, "నువ్వు చూపించావు సరే, చూపించలేనివాడి గతేంటి?" అని తినేసింది. 2017 హెచ్ఐవీ చట్టం, గోప్యత అని ట్రైనింగులో చిలకపలుకులు వల్లించింది నేనేరా.

ఇక బడి గదిలోకి ఒక్కొక్కరినే పిలిచింది. అందరికీ అంతే సేపు, ఒకేలాంటి మడత కాగితం. మొన్నమొన్న సోకినది టెస్టులో దొరక్కపోవచ్చు కాబట్టి మూడు నెలలకి మళ్ళీ రమ్మని అందరికీ చెప్పింది. అలాగైతే మళ్ళీ వచ్చినవాణ్ణి ఎవరూ వేలెత్తి చూపరు కదా!

ఎవరికైనా రెండు గీతలొచ్చాయా అని అడక్కు. నీకైనా చెప్పను. రెండొచ్చినా అక్కడితో తేలదులే, ఐసీటీసీలో (సర్కారు హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలే) ఇంకో రెండు రకాల టెస్టులు చెయ్యాలి. తేలితే మందులు ఉచితం. రోజూ వేసుకుని వైరస్ కనపడనంత తగ్గించుకుంటే మొగుడూపెళ్ళాల మధ్య కూడా అంటదని అక్క చెప్తే, "ఈ ముక్క ముందు సెప్పరేటి?" అని తాత కస్సుమన్నాడు.

జీపోడు హారను కొడుతున్నాడు... ఆఁ, అసలుది! తాత తన కాగితం ఎవరికీ చూపించకుండా దాంతోనే చుట్ట ముట్టించుకుని, "ఇప్పుడెవులికెల్తాదో సూద్దాం" అన్నాడు.

ఉంటాన్రా,
నీ సూదిగాడు