షెనాండోవా నదిలో మాకు తోడు నిలిచిన ఆమెకు కృతజ్ఞతలు

ఈ ఆగస్టులో అమెరికాలోని వర్జీనియాలో, షెనాండోవా నది దక్షిణ పాయ మీద, గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారితో కలిసి ఒక పూట పడవ ప్రయాణానికి వెళ్లాం. ఒకవైపు మాసనట్టన్ కొండ, మరోవైపు బ్లూ రిడ్జ్ పర్వతాల నడుమ ఉత్తర దిశగా ప్రశాంతంగా సాగే ఆ పాయలో వేసవి చివర నీరు తగ్గి, అడ్డంగా పరచుకున్న రాతి మెట్లు బయటపడతాయి. అలాంటి ఒకచోట పడవ దిగిన నాన్నగారు నాచుపై జారి పడగా చీలమండ వాచిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు.

వెనుక నుంచి కయాక్‌లో వస్తున్న ఒక పెద్దావిడ మేము పిలవకముందే ఆగారు. తన తువ్వాలును చల్లని నీటిలో తడిపి కాలికి చుట్టి, సంచిలోని పొడి చొక్కాను మడిచి మడమ కింద ఎత్తుగా పెట్టారు. తన కయాక్‌ను మా పడవ వెనుక కట్టి, రాళ్లు వచ్చిన ప్రతిచోటా తానే మోకాలిలోతు నీటిలో దిగి, ఆయనకు కుదుపు తగలకుండా తాడు పట్టుకుని మెల్లగా నడిపించారు. రాతి మెట్టు దాటబోయే ప్రతిసారీ ఆయన వైపు తిరిగి, గట్టిగా పట్టుకోమని చేత్తో సైగ చేసేవారు. ఆమె మాట నాన్నగారికి అర్థం కాకపోయినా, ఆ సైగ ఆయనకు ఎంత ధైర్యమిచ్చిందో నేను కళ్లారా చూశాను.

రేవు చేరాక కారు దాకా భుజం ఆసరా ఇచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. ఎముక విరగలేదని వైద్యులు చెప్పారు. నాన్నగారు ఇప్పుడు బాగా నడుస్తున్నారు. ఆ తల్లికి మా కుటుంబమంతటి తరఫున నమస్సులు. ఆమె పిల్లాపాపలతో చల్లగా ఉండాలని నాన్నగారి ఆశీస్సులు.