ట్రైనర్ మేడం వద్దంటే వద్దే

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచిన దగ్గర్నుంచీ గ్రౌండ్ పక్కనున్న పాత స్టోర్ రూంలో ఒక మేడం కూర్చుంటున్నారు. బల్ల మీద టేపు చుట్టలు, మూలన ఐస్ పెట్టె, గోడకి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆవిడెవరని నాకొచ్చిన ఫోన్లలో సగం "మావాడికి కండలు పెంచుతారా మేడం", "ప్రోటీన్ పొడి ఏది వాడమంటారు" అన్నవే. ఒక నాన్నగారైతే "డ్రిల్ మాస్టారున్నారు కదండీ, మళ్లీ ఈవిడెందుకు, ఫీజు పెంచడానికా" అని సూటిగానే అడిగేశారు. ఫీజు పెంచడం లేదు, అది ముందే చెప్పేస్తున్నాను. మిగతాది చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆవిడ మన అథ్లెటిక్ ట్రైనర్. జిమ్ ట్రైనర్ కాదు, కోచ్ కూడా కాదు. ఆట నేర్పడం, జట్టు ఎంచడం, గెలిపించడం మాస్టారి పని. దెబ్బ తగలకుండా చూడటం, తగిలితే అక్కడికక్కడే ఏం చేయాలో తేల్చడం, మళ్లీ ఎప్పుడు ఆడొచ్చో చెప్పడం ఈవిడ పని. ఈ ఉద్యోగం పేరు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ వీళ్ల సంఘం 1950లోనే పుట్టింది, 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. మన దగ్గర ఎక్కువగా ఫిజియోథెరపీ చదివి ఆటల వైపు వచ్చినవాళ్లు ఈ పని చేస్తారు, మన మేడం కూడా అలా వచ్చినవారే.

ఇంతకీ నాకీ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్పాలి, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. కిందటేడు కబడ్డీ ఫైనల్లో మన తొమ్మిదో తరగతి అబ్బాయికి కాలు మడత పడింది. మాస్టారు ఆపుదామా అన్నట్టు నా వైపు చూశారు. నేనే, "ఇంకో పది నిమిషాలే కదా నాన్నా, స్ప్రే కొట్టించుకుని వెళ్లు" అన్నాను. వెళ్లాడు, గెలిచాం, కప్పు ఇప్పటికీ నా కుర్చీ వెనక అల్మరాలోనే ఉంది. ఆ రాత్రికి చీలమండ కొబ్బరికాయంత వాచింది. ఇంట్లో సున్నం పసుపు పట్టు వేశారు, మర్నాడు ఎవరో పెద్దాయన కాలు లాగి కట్టు కట్టారు. మూడు వారాలైనా కుంటుతుంటే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే తేలింది, అది బెణుకు కాదు, ఎముక పెరిగే చోట చీలిక.

ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. ఎదిగే పిల్లల్లో ఎముక చివర్ల దగ్గర మెత్తటి పొర ఉంటుంది, ఎముక పొడుగయ్యేది అక్కడే. పెద్దవాళ్లకి కాలు మడత పడితే లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ, సాగుతుంది. పిల్లలకి ఆ లిగమెంటు కంటే ఈ పొరే బలహీనం, అందుకని ముందు అది చీలొచ్చు. ఒక్కోసారి మొదటి ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు కూడా. దాన్ని బెణుకే కదా అని మర్దన చేసి, లాగి కడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ అబ్బాయి అదృష్టం బాగుండి ఇప్పుడు మామూలుగానే నడుస్తున్నాడు, కానీ ఆ ఏడాదంతా ఆటల్లేవు. వరండాలో ఎదురుపడి గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడల్లా నా చూపు ముందు వాడి కాలి మీదికే పోతుంది.

అదే ఇప్పుడైతే ఏం జరుగుతుందో మొన్న బుధవారం చూశాను. బాస్కెట్‌బాల్ ఆడే ఎనిమిదో తరగతి పాప పడింది. మేడం పరిగెత్తుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, బూటు విప్పి, చీలమండకి రెండు వైపులా ఉండే గుబ్బల వెనక అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ వచ్చారు, ఇక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని. తర్వాత నాలుగడుగులు వెయ్యగలవా అని అడిగారు. ఎముక మీద నొక్కితే నొప్పున్నా, నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రేకి పంపాల్సిందే. 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు తయారుచేసిన పద్ధతట ఇది. నిమిషంన్నర పట్టింది, అంతే. ఆ నిమిషంన్నర కిందటేడు మన దగ్గర లేదు.

తల దెబ్బల విషయంలో మాత్రం మీతో గొడవ పడటానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఖోఖోలో ఇద్దరు గుద్దుకున్నారు. ఒకమ్మాయి లేచి, దులుపుకుని, బానే ఉన్నాను మేడం అంది. ట్రైనర్ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి ఇంగ్లిష్ నెలలు వెనక్కి చెప్పమన్నారు. డిసెంబర్, నవంబర్, అక్టోబర్... ఆగస్టు దాకా వచ్చి ఆగిపోయింది, మళ్లీ అక్టోబర్ అంది. ఇక ఆ రోజు ఆట లేదు. వాళ్లమ్మగారు వచ్చి "సోమవారం సెలక్షన్లున్నాయండీ, రాత్రి పడుకుంటే సర్దుకుంటుంది" అన్నారు. ఆవిడ టెన్షన్ నాకర్థమైంది, రెండేళ్ల కష్టం. కానీ మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. క్రికెట్ చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2019 ఆగస్టులో యాషెస్ (ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టు సిరీస్) లార్డ్స్ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్‌కి బంతి తగిలాక మర్నాడు తలనొప్పి, మగత అంటే అతన్ని పక్కన పెట్టి అతని బదులు లబుషేన్‌ని దించారు. యాషెస్‌లోనే ఆపగా లేనిది, మన జోనల్స్‌లో ఆపలేమా?

ఆ అమ్మాయి మొదటి రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించి ఇంట్లో ఉంది, తర్వాత ముందు క్లాసుకి వచ్చింది, ఆ తర్వాతే నడక, పరుగు, ప్రాక్టీసు. మెట్టుకి మెట్టుకి కనీసం 24 గంటలు, మధ్యలో తలనొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి, చివర్లో డాక్టర్ కాగితం. సెలక్షన్లు పోయాయి. వాళ్లమ్మగారు నాతో ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు, ఉండనివ్వండి.

ఎండ సంగతి విశాఖలో ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 34 డిగ్రీలే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఉక్కపోతలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గోడకి తడిగుడ్డ థర్మామీటరు పెట్టింది అందుకే, అది చూసి ఆవిడ ఆపమంటే ప్రాక్టీసు ఆగిపోతుంది. గ్రౌండ్ చివర నీలం డ్రమ్ము ఒకటుంది, వేసవి పొడుగునా అందులో నీళ్లు, పక్కన ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి తెప్పించిన ఐసు. పరిగెడుతున్న పిల్లాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఉండి, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే అది వడదెబ్బ. అప్పుడు ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రి. మీరు పరిగెత్తుకొచ్చేసరికి మీ బాబు మెడ దాకా ఐసు నీళ్లలో ఉంటే కంగారు పడి బయటికి లాగకండి. 108కి ఫోన్ అప్పటికే వెళ్లి ఉంటుంది.

108 అంటే గుర్తొచ్చింది. మేడం చేరిన వారంలోనే ఉత్తుత్తి అంబులెన్స్ రిహార్సల్ చేయించారు. వెనక గేటు తాళం వాచ్‌మన్ జేబులో ఉంది, వాచ్‌మన్ టీకొట్టు దగ్గరున్నాడు. గేటు తెరిచేసరికి ఆరు నిమిషాలు. నాకు మొహం చెల్లలేదు. ఇప్పుడు రెండో తాళంచెవి స్టోర్ రూంలో మేకుకి వేలాడుతోంది, మాస్టార్లకీ ఆయాలకీ సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ మీద నొక్కడం, నేర్పించాం, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, నాకు నాలుగు నిమిషాలకే చేతులు పడిపోయాయి.

పిల్లలు ఊరుకుంటారా అంటే ఊరుకోరు. జ్యోతి యర్రాజి మన విశాఖ అమ్మాయి, 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. అప్పట్నుంచీ మన పిల్లలకి పెద్దవాళ్ల 84 సెంటీమీటర్ల హర్డిలే కావాలి. అండర్ 18 అమ్మాయిలకి పెట్టేది 76. మేడం అంతకంటే కిందికి దించి మొదలుపెట్టించారు, మూతులు ముడుచుకున్నారు, అయినా దూకుతున్నారు.

"మా రోజుల్లో ఇవన్నీ ఏటండీ, చెప్పుల్లేకుండానే ఆడీవోళ్లం" అన్నారొక తాతగారు మీటింగులో. నిజమే తాతగారూ, మేమూ ఆడాం. మా అన్నయ్య మోకాలు వర్షం వచ్చే ముందు రోజు ఇప్పటికీ చెప్తుంది.

మీ నుంచి కావాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లలతో పంపిన ఫారంలో ఉబ్బసం, ఫిట్స్, పరిగెడుతుంటే కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లెవరైనా ఉంటే అది, దాచకుండా రాయండి. ఆడపిల్ల కదా, ఫిట్స్ అని రాస్తే రేపు సంబంధాలకి అడ్డం అని ఒకరిద్దరు భయపడ్డారు. ఆ కాగితం మేడం బీరువాలో ఉంటుంది, తాళం ఆవిడ దగ్గరే, క్లాసు టీచరుకి కూడా చూపించరు. ఉదయం ప్రాక్టీసుకి ఖాళీ కడుపుతో పంపకండి, ఒక అరటిపండైనా చాలు. తెల్ల కాన్వాసు బూట్లు అసెంబ్లీకి సరిపోతాయి, పరుగుకి కాదు. కొత్తవి కొనమనడం లేదు, ఉన్నవాటి అడుగు అరిగిందేమో ఒకసారి తిప్పి చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆవిడ ఈ రోజు ఆడొద్దు అంటే మాస్టారు కాదు, మీరు కాదు, నేను కూడా మార్చలేను. ఆ మాట నేనే రాసి సంతకం పెట్టి ఆవిడకిచ్చాను, కప్పు ఉన్న అల్మరాకే అంటించారు.

ఈ శనివారం 4 గంటలకి స్టోర్ రూం దగ్గరికి రండి, టేపు ఎలా చుట్టాలో, ఐసు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలకి మించకుండా ఎలా పెట్టాలో ఆవిడే చూపిస్తారు. బండ్లు వెనక గేటు ముందు మాత్రం పెట్టకండి, అంబులెన్స్ దారి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు